అప్పకి మాట సెలవు

హలో, హలో... వినబడుతోందాండీ? అందరూ బాగున్నారా? నేను సాలూరు నుంచి. వెనకాల లారీ హారన్లు మోగితే ఏమీ అనుకోకండి, మా వీధి అంతే. ఇవాళ గులాబీపువ్వు బొమ్మ పెట్టి శుభోదయం అనకుండా ఒక కథ చెబుదామని కూర్చున్నాను. నా చదువు తొమ్మిదితో ఆగిపోయింది, తప్పులుంటే సర్దుకుని వినండి. ఊరు కల్పించినదే, మనుషులూ కల్పించినవాళ్ళే. భావనపాడు దాటి ఇసక దారిలో ఇంకాస్త ముందుకి పోతే ఉంటుందని అనుకోండి. మ్యాపులో మాత్రం వెతకొద్దు.

ఆ ఊరి పేరు చల్లనిపేట. పాత ఊరిని తుఫాను ఊడ్చుకుపోయాక, చేపల వేట మీద బతికే అరవై నాలుగు కుటుంబాల కోసం కట్టిన కాలనీ అది. ఇళ్ళన్నిటికీ ఒకటే లేత నీలం రంగు. గుమ్మాలన్నీ ఒకే వైపు. పడవలకి పేర్లు లేవు, నంబర్లే. ఎవరు వేటకి వెళ్ళినా, ఎవరు జ్వరంతో పడుకున్నా, చేపల్లో వాటా అందరికీ సమానం. సారా లేదు. పిల్లలందరూ బడికి పోతారు. అన్నిటికన్నా పెద్ద సంగతి, అక్కడ పోట్లాట అన్నదే లేదు. గొంతు పెంచి మాట్లాడేవాళ్ళు లేరు.

నవ్వకండి. మన ఊళ్ళూ ఇలా ఉంటే ఎంత బాగుణ్ణు అని మనమే కదా రోజూ గ్రూపుల్లో రాసుకుంటున్నాం.

ఈ ఊరిని ఇలా దిద్దినది తిరుమలరావు గారు. గజపతినగరంలో బట్టల కొట్టున్న కుటుంబం వాళ్ళది. తుఫాను సాయానికి దుప్పట్లు పట్టుకుని వచ్చిన మనిషి మళ్ళీ వెనక్కి పోలేదు. కొట్టు తమ్ముడికి అప్పజెప్పి, వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డు పక్కన చిన్న గదిలో ఉండిపోయాడు. ఆయన్ని ఒక్క మాట అనడానికి లేదు. పాత ఊళ్ళో ఒక వల తగువుకి రెండు వీధులు కత్తులు పట్టుకున్న రోజు జనానికి ఇంకా గుర్తే. నాగబాబు అనే అతనికి ఎడమ చేతికి రెండు వేళ్ళే మిగిలాయి ఆ రోజున. అలాంటి జనం ఇప్పుడు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుతున్నారంటే అది ఆయన చలవే.

ఎలా సాధించాడంటే, రెండు కట్టుబాట్లు పెట్టాడు. ఒకటి, ఏ నిర్ణయానికైనా అందరి చేతులూ లేవాలి. ఆఖరి చెయ్యి లేచేదాకా షెడ్డులోంచి ఎవరూ ఇంటికి పోకూడదు. రెండోది, మాట సెలవు. తప్పు చేసినవాళ్ళని కొట్టరు, జరిమానా వెయ్యరు, వాటా ఆపరు. వాళ్ళతో ఊళ్ళో ఎవరూ మాట్లాడరు, అంతే. మూడు రోజులో, వారమో. కాలనీ బయటివాళ్ళతో మాట్లాడుకోవచ్చు. లోపల మాత్రం మాట్లాడినవాళ్ళకి కూడా మిగిలిన రోజులన్నీ సెలవే. "శిక్ష కాదమ్మా, మనసుకి విశ్రాంతి" అనేవాడు తిరుమలరావు గారు. మనస్ఫూర్తిగానే అనేవాడు.

సాయంత్రం ఆరింటికి మైకులో ఇవన్నీ చదివి వినిపించే పని ఎల్లాజీది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. తెల్లవారుజామున వేటకి పోతాడు, సాయంత్రం స్నానం చేసి చొక్కా మార్చుకుని మైకు ముందు నిలబడతాడు. తన గొంతు రేకుల మీంచి సముద్రం దాకా పోతుంటే అతనికి ఛాతీ ఒక అంగుళం పెరిగేది. ఫలానావాళ్ళకి మూడు రోజుల మాట సెలవు అని ఎన్నోసార్లు చదివాడు. ఎప్పుడూ గొంతు తడబడలేదు.

తడబడింది వాళ్ళ అప్ప పేరు చదివినప్పుడే. అప్ప అంటే అక్క. లక్ష్మణమ్మ. ఎల్లాజీకి మూడో ఏడు రాకుండానే తల్లి పోతే చంకన వేసుకుని పెంచింది ఆవిడే. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. గంప నెత్తిన పెట్టుకుని జంక్షన్‌లో చేపలమ్ముతుంది. ఆవిడ కేకేస్తే బస్సు దాటిపోయినవాళ్ళు కూడా తిరిగి చూస్తారు. కాలనీకి వచ్చాక ఆ గొంతు తగ్గించుకోవడానికి పాపం చాలా కష్టపడింది.

ఏం జరిగిందంటే, మంచి కాలనీలకి బహుమతి ఇస్తామని జిల్లా నుంచి కొందరు చూడటానికి వచ్చారు. ఎవరేమడిగినా "అన్నీ బాగున్నాయండీ" అనాలని ముందే చేతులెత్తి అనుకున్నారు. అందరూ అలాగే అన్నారు. వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి లక్ష్మణమ్మ గుమ్మం ముందు ఆగి, మీకేమైనా ఇబ్బంది ఉందా అమ్మా అని అడిగింది.

"ఇబ్బందేటుంటాదమ్మా, మారాజుల్లాగ ఉన్నాం. ఆ కుళాయి నీళ్ళొకటే ఉప్పన. రెండు గంటలు మంటెట్టినా పప్పు ఉడకదు. టీలో పాలు ఇరిగిపోతాయి. అదొక్కటే."

ఆ అమ్మాయి రాసుకుంది. బహుమతి ఇంకెవరికో పోయింది. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని అరవై నాలుగిళ్ళకీ తెలుసు. కానీ ఆ బోరు వేయించడానికి తిరుమలరావు గారు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో కూడా వాళ్ళకి తెలుసు. అందుకని ఎవరూ ఆ మాట ఆయన దగ్గర అనేవాళ్ళు కారు. ప్రేమతోనే అనేవాళ్ళు కారు.

బహుమతి పోయిందని తెలిసిన సాయంత్రం లక్ష్మణమ్మకి రెండు నెలల మాట సెలవు అన్నారు. అంతవరకూ పదిహేను రోజులు దాటి ఎవరికీ ఇవ్వలేదు. చేతులు ఒక్కొక్కటే లేచాయి. ఆఖరికి ఎల్లాజీది ఒక్కటే మిగిలింది. జనం అతని మీద కోప్పడలేదు, అక్కడ ఎవరూ కోప్పడరు కదా. నవ్వుతూ అతని వైపు చూస్తూ కూర్చున్నారు. అతని భార్య అరుణశ్రీకి తొమ్మిదో నెల. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకి నిలిచిన కడుపు. గచ్చు మీద కూర్చోలేక నడుం పట్టుకుని అటూ ఇటూ కదులుతోంది. ఎల్లాజీ భార్యని చూశాడు, అప్పని చూశాడు, కళ్ళు మూసుకుని చెయ్యెత్తాడు. తరవాత తనే మైకులో చదివాడు.

మర్నాటి నుంచి లక్ష్మణమ్మ ఊళ్ళో నడుస్తుంటే జనం పలకరింపుగా నవ్వేవారు, మాట మాత్రం లేదు. పక్కింటి తవిటమ్మ, అంటే ఆ రెండు వేళ్ళ నాగబాబు పెళ్ళాం, రోజూ గోడ మీంచి ఊళ్ళో సంగతులన్నీ మోసుకొచ్చే మనిషి, ఇప్పుడు గోడవైపు రావడమే మానేసింది. వస్తే నోరు ఆగదని భయం.

పది రోజులకి అరుణశ్రీకి ఆడపిల్ల పుట్టింది. లక్ష్మణమ్మ ఆసుపత్రికి వచ్చి, ఒక్క మాట లేకుండా గుడ్డలన్నీ ఉతికి ఆరేసి, పిల్లని కళ్ళారా చూసుకుని వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే గుమ్మంలో ఒక గిన్నె కనబడేది. బాలింతకి పాలు పడాలని పాలసొర చేప వండి, ముళ్ళు తీసి, వెల్లుల్లి వేసి పొడిపొడిగా వేయించి తెచ్చి పెట్టేది. తలుపు తీసేసరికి మనిషి ఉండేది కాదు. అరుణశ్రీ ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ తినేది.

"మీ అప్ప నోరిప్పి నన్ను తిట్టినా బాగుణ్ణు. ఈ గిన్నె సూస్తే నాకు ముద్ద దిగదు" అనేది మొగుడితో.

 ఎల్లాజీకి ఇంకో గుబులు పట్టుకుంది. వాళ్ళింట్లో ఒక ఆచారం. ఇరవై ఒకటో రోజున పిల్లని ఉయ్యాల్లో వేసి, మేనత్త వంగి చెవి దగ్గర మూడుసార్లు గట్టిగా పేరు పిలవాలి. ఆ పిలుపు కన్నా ముందు ఇంకెవరూ బిడ్డని పేరుతో పిలవకూడదు. అలా కాకుండా పేరు పెడితే ఆ బిడ్డ పెద్దయ్యాక ఎవరు పిలిచినా పలకదని వాళ్ళ నమ్మకం. ఉన్న మేనత్త ఒక్కతే. ఆవిడ సెలవు ఇంకా సగం ఉంది.

ఎల్లాజీ తిరుమలరావు గారి గదికి వెళ్ళాడు.

"బాబూ, ఒక్క నిమసం మా అప్పకి నోరు తెరిపించండి. మూడుసార్లు పేరు పిలిసి ఎల్లిపోతాది."

తిరుమలరావు గారు అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "చూడు నాయనా, లక్ష్మణమ్మ మీద నాకు కోపం ఉందనుకుంటున్నావా? నా సొంత చెల్లెలైనా ఇదే చేస్తాను. ఇవాళ నీకు ఒక్క నిమిషం ఇస్తే రేపు ఇంకొకరు రెండు నిమిషాలడుగుతారు. మళ్ళీ కత్తుల దాకా వెళ్ళడానికి ఎన్నాళ్ళు పడుతుంది? నాగబాబు చెయ్యి రోజూ చూస్తున్నాను నేను."

"మరి నా గుంటకి పేరు?"

"ఊరంతా నీ బిడ్డకి మేనత్తలే. తవిటమ్మ పెడుతుంది."

ఆయన మాటల్లో అబద్ధం లేదు. అదే ఎల్లాజీకి కష్టంగా ఉంది. చెడ్డవాడైతే పోట్లాడి బయటపడొచ్చు. మంచివాడితో ఎలా పోట్లాడతారు చెప్పండి?

మర్నాడు వేట నుంచి రాగానే జంక్షన్‌కి పోయాడు. రోడ్డు పక్కన గంప పెట్టుకుని కూర్చుంది లక్ష్మణమ్మ. బయటివాళ్ళతో మాట్లాడొచ్చు కదా, తను కూడా బయటివాడిలా వెళ్తే నోరు తెరుస్తుందేమోనని అతని ఆశ. గంప ముందు గొంతుక్కూర్చుని, ముక్కూ మొహం ఎరగనట్టు అడిగాడు.

"కానాగంతలు ఎలాగిస్తన్నావమ్మా?"

లక్ష్మణమ్మ చేపల మీదికొచ్చిన కాకిని చూసినట్టు చూసి, గంపలో నీళ్ళు చిలకరించింది. ఆ నీళ్ళు సగం అతని మొహాన పడ్డాయి. ఇంతలో సంచీ పట్టుకుని ఒకావిడ వచ్చి చేపలు అటూ ఇటూ తిప్పి చూడసాగింది. లక్ష్మణమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కొంటే కొను, మానితే మాను తల్లీ, ఒక్క ఊసు ఇనెల్లు. నాకొక తమ్ముడున్నాడు. సిన్నప్పట్నించి నానే పెంచినాను. ఆడికి సేయి బాగా లెగుస్తాది."

"అయ్యో, కొడతాడేటమ్మా?"

"కొట్టినా బాగుణ్ణు. గాల్లోకి లేపుతాడు."

ఆవిడకి అర్థం కాలేదు. ఎల్లాజీ తలదించుకున్నాడు.

"ఆడికి పద్నాలుగేళ్ళకి గుంట పుట్టిందమ్మా. బంగారంలాగున్నాది. దానికి పేరెట్టాల్సింది నాను. కానీ నాతో మాటాడితే ఆడి నోరు కూడా కట్టేస్తారు. ఇంట్లో పచ్చి బాలింత, పసిగుంట. ఊళ్ళో ఆళ్ళని పలకరించీవోడు లేకపోతే ఎలాగ? అందుకే ఆడు నీకెక్కడైనా కనబడితే సెప్పు. ఇంకెవల్తోనైనా ఎట్టించుకోమను. నానేటీ అనుకోనని సెప్పు."

"మీ తమ్ముడు ఎలాగుంటాడో నాకెలాగ తెలుస్తాది?"

"నల్లగా సన్నగా ఉంటాడు, ఎర్రిమొకం. ఇదిగో నీ పక్కన కూకున్నాడే, అచ్చం ఇలాగే ఉంటాడు."

ఆవిడ ఎల్లాజీని ఎగాదిగా చూసి, చేపలు కొనకుండానే వెళ్ళిపోయింది.  తను చెయ్యెత్తింది భార్య నడుంనొప్పి చూడలేకే అని ఎల్లాజీ ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాడు. అప్ప మాత్రం ఇంత జరిగినా తన ఇంటి గురించే ఆలోచిస్తోంది. నానేటీ అనుకోను అన్న ఆ మాట ఎన్ని తిట్లకన్నా ఎక్కువగా తగిలింది.

ఆ సాయంత్రం మైకులో మామూలుగానే మొదలుపెట్టాడు. రేపు పడవలు నాలుగింటికి బయల్దేరతాయి. పిల్లలకి బడిలో సూదులు వేస్తారు. వాటా చేపలు తూర్పు వీధి వాళ్ళు ముందు తీసుకోవాలి. అక్కడ ఆగాడు.

"ఇంకొకటి. అప్పా, ఎల్లుండి పొద్దున్న తొమ్మిదింటికి గుంటని ఉయ్యాల్లో ఏస్తన్నాం. నువ్వొచ్చి పేరెట్టాల. మైకోడు సెప్పట్లేదు ఇది. నీ తమ్ముడు సెప్తన్నాడు."

మైకు కీచుమంది. షెడ్డులో వల కుట్టేవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

సభ కూడింది. తిరుమలరావు గారి మొహం పాలిపోయింది. "ఊరంతా వినేలా చెప్పావు ఎల్లాజీ. నాకు వినబడలేదని ఎలా అనను? మిగిలిన ముప్పై రోజులూ నీకూ సెలవే. చేతులెత్తండి."

అందరికన్నా ముందు లేచిన చెయ్యి ఎల్లాజీదే.

"దానికి ముందొక్క మాట బాబూ. సెలవులో ఉన్నోళ్ళతో మీరు మాటాడకూడదు, సరే. సెలవులో ఉన్నోళ్ళు ఇద్దరుంటే, ఆళ్ళలో ఆళ్ళు మాటాడుకోవచ్చా?"

తిరుమలరావు గారు కట్టుబాట్ల పుస్తకం తీశాడు. మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. ఇన్నేళ్ళలో ఒకేసారి ఇద్దరు సెలవులో ఉన్నది లేదు. ఒకళ్ళకి పడ్డాక రెండోవాళ్ళు దగ్గరికి వెళ్ళేవాళ్ళే కాదు. కావాలంటే ఆయన అప్పటికప్పుడు ఒక ముక్క కల్పించి చదవొచ్చు. చదవలేదు.

"రాసి లేదు" అన్నాడు మెల్లగా.

"అయితే నాకు సాలు" అన్నాడు ఎల్లాజీ.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి అరుణశ్రీ లేచింది, భుజం మీద పిల్లతో. షెడ్డు చివర ఒంటరిగా కూర్చున్న లక్ష్మణమ్మ వైపు తిరిగి, "వదినా, ఎల్లుండి తప్పకుండా రా. రాకపోతే నా మీద ఒట్టే" అంది.

"ఒసే, నువ్వెందుకే మజ్జిన!" అన్నాడు ఎల్లాజీ.

"మీ అప్పా తమ్ముడూ ఊసులాడుకుంటంటే నాను గోడ సూసుకుంటా కూకోవాలా? ఏంటి బాబూ, రాయండి నా పేరు కూడా."

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. తిరుమలరావు గారు పేర్లు రాశాడు. మైకోడే సెలవులో ఉన్నాడు కనక ఆయనే మైకు ముందుకెళ్ళి చదివాడు. ఆయనకి అలవాటు లేదు. గొంతు మధ్యలో రెండుసార్లు ఆగింది.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. చీర ఉయ్యాల కట్టారు. పొంగలి వండారు. ఊళ్ళోంచి ఒక్కరూ రాలేదు. కానీ ఆ వీధిలో ఆ పొద్దున్న అందరికీ గుమ్మం ముందే పని తగిలింది. ఒకడు వల విప్పి మళ్ళీ కడుతున్నాడు. ఒకావిడ ఊడ్చిన చోటే ఊడుస్తోంది.

లక్ష్మణమ్మ తొమ్మిదింటికి వచ్చింది, ఉతికిన ఎర్రచీర కట్టుకుని. గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు.

"రా అప్పా" అన్నాడు ఎల్లాజీ.

ఆవిడ పెదవులు కదిలాయి. ముప్పై రోజులుగా ఊళ్ళో పలకని గొంతు బొంగురుగా వచ్చింది.

"సేయి లేపినావు కదరా."

"లేపినాను."

"అందరిదీ లేసినప్పుడు నాకేటీ అనిపించలేదు. నీళ్ళు ఉప్పనని ఆళ్ళకీ తెలుసు, ఊరి కోసం లేపినారు. నీది లేసినప్పుడు మాత్రం, నాను సంకనెట్టుకుని తిప్పింది ఈడ్నేనా అనుకున్నాను."

"అరుణకి నడుం..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు ఎల్లాజీ. "కాదప్పా. భయమేసింది. అందరూ నవ్వుకుంటా నన్నే సూస్తంటే భయమేసింది. తప్పయిపోనాది."

లక్ష్మణమ్మ అతని నెత్తి మీద ఒక్కటి మొట్టింది. గట్టిగానే. తరవాత గుమ్మం దాటి ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, పిల్ల మీదికి వంగి, జంక్షన్‌లో బస్సుల్ని ఆపిన పాత గొంతుతో పిలిచింది.

"నూకరత్నం!"

అది వాళ్ళ తల్లి పేరు. పిల్ల ఉలిక్కిపడి కెవ్వుమంది. "నూకరత్నం!" రెండోసారి. మూడోసారి పిలిచేటప్పటికి పిల్ల ఏడుపూ అత్త కేకా కలిసిపోయాయి.

"పింకీ అని కూడా పిలువు వదినా, నాను పింకీ అనుకున్నాను" అంది అరుణశ్రీ.

"పింకీయేటే, కుక్కపిల్లకి ఎట్టినట్టు! సరే, నూకరత్నం పింకీ. సాలా?"

గోడవతల ఏదో దబ్బున పడింది. గోడ మీంచి తవిటమ్మ తల లేచింది. సగం పేరే వినబడినట్టుంది, మనిషి ప్రాణం కొట్టుకుపోతోంది. నోరు తెరిచింది, మూసుకుంది. గోడ మీద మూరెడు ముందుకి వంగి, ఉయ్యాల కేసి చూస్తూ అంది.

"ఏమే గుంటా, నీ పేరు ఏటంతన్నారే? నూకరత్నమా, పింకీయా? నాను నిన్నే అడుగుతన్నాను సుమీ. నీకు సెలవు లేదు కదా. మీ అత్తని అడిగి సెప్పవే, బువ్వ తిన్నాదో లేదో కూడా అడుగు."

ఎల్లాజీకి ముందు అర్థం కాలేదు. తరవాత పడీ పడీ నవ్వాడు. లక్ష్మణమ్మ పిల్లని చేతుల్లోకి తీసుకుని, "సెప్పవే నూకరత్నం, తిన్నానని సెప్పు. నెల్రోజులకి గుర్తొచ్చినానా అని కూడా సెప్పు" అంది. తవిటమ్మ పైటతో కళ్ళు తుడుచుకుంది.

ఇంక చూడండి. ఊడ్చే ఆవిడ చీపురు వదిలేసి వచ్చింది. వల కట్టేవాడు వచ్చాడు. నాగబాబు రెండు వేళ్ళతోనే పిల్ల బుగ్గ నిమిరాడు. గంట తిరక్కుండా ఇల్లు నిండిపోయింది. అందరూ పిల్లతోనే మాట్లాడుతున్నారు. మీ నాన్నకి సెప్పు మైకులో నువ్వు లేకపోతే బాగోలేదని. మీ అమ్మకి సెప్పు పొంగలిలో బెల్లం తక్కువని. కట్టుబాటు తప్పినవాడు ఒక్కడు లేడు. ఇరవై ఒక్క రోజుల పిల్లకి ఆ రోజు ఊరు ఊరంతా ఊసులు చెప్పింది.

అప్పుడు తిరుమలరావు గారు వచ్చాడు. ఆయన చేతిలో పిల్లకి చిన్న గౌను ఉంది, గజపతినగరం కొట్టు నుంచి తెప్పించినది. జనం దారి ఇచ్చారు. ఆయన పిల్ల ముందు నిలబడ్డాడు. లక్ష్మణమ్మ చేతుల్లోనే ఉంది పిల్ల. ఆయన ఆవిడ మొహం చూడకుండా పిల్ల పాదం పట్టుకున్నాడు.

"నూకరత్నం" అన్నాడు. "మీ అత్తతో చెప్పమ్మా. నేను ఎవరికీ నొప్పి కలగని ఊరు కడదామనుకున్నాను. ఆవిడకి నొప్పి కలిగితే అది నాకు వినబడకుండా కట్టాను. అది... అది చెప్పు."

ఆయన గొంతు మొన్న మైకులోలాగే ఆగిపోయింది.  లక్ష్మణమ్మ పిల్లని భుజానికి మార్చుకుంది, ఆయనకి పిల్ల మొహం కనబడకుండా.

"పసిగుంటకేటి తెలుస్తాది బాబూ" అంది. "ఇటు సూసి సెప్పండి."

అరవై నాలుగిళ్ళ వాళ్ళూ ఆయన వైపే చూస్తున్నారు. ఆ చూపులు ఎంత బరువుగా ఉంటాయో ఆ ఊళ్ళో మొదటిసారి ఆయనకి తెలిసింది. నెమ్మదిగా తలెత్తాడు.

"లక్ష్మణమ్మా" అన్నాడు. "అన్నం పెడతావా? పొద్దుట్నుంచి ఏమీ తినలేదు."

"కూకోండి" అంది లక్ష్మణమ్మ.

అదండీ కథ. ఆ తరవాత ఆ ఊరు ఏమైందో, పుస్తకంలో ఏం రాసుకున్నారో నాకూ తెలీదు. మన గ్రూపుల్లో కూడా ఎవరైనా ఒక మాట తేడాగా అనగానే తీసేస్తున్నాం, నేనూ ఇద్దర్ని తీసేశాను, ఇది చెబుతుంటే వాళ్ళిద్దరూ గుర్తొచ్చారు. మీకూ ఎవరో ఒకరు గుర్తొచ్చే ఉంటారు. మీరు పలకరించడం మానేసిన ఆ మనిషికే ముందు ఈ కథ పంపండి. మిగతావాళ్ళకి తరవాత పంపుదురుగాని. ఉంటానండీ, హారన్ కొడుతున్నారు.